కట్టుడు ఈగలు – వానిని ఇంటిలో దాచు విధము



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన వస్తువు మిక్కిలి చిన్నది. తూచి చూచినచో రెండు మూడు బియ్యపుగింజల యెత్తునకు మించదు. ఆంగ్లేయులు దానిని ‘ఫ్లై’ యందురు. గాలపు ముల్లు చుట్టును ఈకయు, బొచ్చును, పట్టుదారమును చుట్టి, నీటిపై వ్రాలిన ఈగయో పురుగో యని చేప భ్రమపడునట్లు చేసిన వస్తువది. పండ్లూడిన వారికి కట్టుడు పండ్లున్నట్లే చేపలకు ఇవి కట్టుడు ఈగలు. వీనిని కట్టుట యెట్లో నేడు చెప్పబోను. అది కన్నులతో చూచి నేర్చుకొనవలసిన పని, చెవులతో నేర్చునది కాదు. కట్టిన పిదప జేబులోని డబ్బీలో పట్టక మిగిలిపోయిన ఈగలను ఇంటిలో ఎట్లు దాచవలెను, ఎట్లు అమర్చవలెను అనునంతవఱకే నా ప్రసంగము.

గోదావరి కాలువగట్టున కూర్చుండి వానపామును గ్రుచ్చి గాలము వేయు మన సోదరులు ఈ మాట విని నవ్వవచ్చును. వానపామును దాచుకొను అవసరము ఎవరికిని లేదు. కావలసినప్పుడు తడినేల త్రవ్వినచో దొరకును. కాని ట్రౌటు అను చేపకు ఈ ఈగలే తగిన ఎఱ. అది చల్లని నీటి చేప. మన మైదానములలోని వెచ్చని నీట బ్రదుకజాలదు. దానిని మన దేశపు కొండలకు తెచ్చుటకు ఆంగ్లేయులు చాల పాట్లు పడిరి. 1863లో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు నీలగిరులకు తేబూని విఫలుడయ్యెను. కడకు ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మద్రాసు ప్రభుత్వపు మత్స్యనిపుణుడు హెన్రీ చార్లెస్ విల్సన్ చేతిమీదుగా అవలాంచి లోయలో దాని సంతతి నిలిచినది. కాశ్మీరమున 1900 ప్రాంతముననే నిలిచినది. అటుపిమ్మట ఆ కొండ యేళ్ల యొడ్డునకు పోవువారిలో తెలుగువారును కొందఱున్నారు. వేసవిలో ఉదకమండలమునకు పోయి, తక్కిన పదునొకండు నెలలును ఇంటి దీపము క్రింద ఈగలు కట్టుచు కూర్చుండువారిలో నేనును ఒకడను.

దాచుట అను సమస్య ఎప్పుడు పుట్టినదో కొంచెము చెప్పవలెను. ఈగలతో చేపలు పట్టుట క్రొత్త విద్య కాదు. సుమారు పదునెనిమిది వందల యేండ్ల క్రిందట ఏలియన్ అను గ్రంథకర్త, మాసిడోనియా దేశీయులు ముల్లునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గఱి ఈకలు రెండు కట్టి చేపలు పట్టుటను వర్ణించియున్నాడు. ఇంగ్లండున 1496లో అచ్చుపడిన గ్రంథములో పండ్రెండు ఈగల వివరములున్నవి. ఆ కాలమున ముల్లునకు కన్ను లేదు, అనగా దారము దూర్చు బెజ్జము లేదు. ముల్లు కాడకే గుఱ్ఱపు వెండ్రుకనో, తరువాతి కాలమున పట్టుపురుగు కడుపులోని గ్రంథిని సాగదీసి చేసిన తంతినో బిగించి దానిపై ఈగను కట్టెడివారు. తంతి జానెడు పొడవున వ్రేలాడుచుండెడిది. అట్టి ఈగలు పదింటిని ఒక డబ్బీలో వేసినచో పిచ్చుకగూడే. అందుచేత తోలు అట్టల పుస్తకములు చేసికొని, ఉన్నిగుడ్డ పుటలలో ఒక్కొక్క ఈగను గ్రుచ్చి, తాళపత్రములవలె మూసి కట్టెడివారు. ఏండ్లు గడచినకొలది తంతి పెళుసెక్కును. అది మొదట తెగినచో ఈగ యెంత చక్కనిదైనను వ్యర్థమే.

దీనికి విరుగుడు కనిపెట్టినవాని పేరు వినినచో పాతకాలపు విద్యార్థులకు ఒడలు జలదరించును. హాల్ అండ్ నైట్ బీజగణితము మీలో ఎందఱో చదివియుందురు. ఆ హాల్, అనగా క్లిఫ్టన్ కళాశాల ఉపాధ్యాయుడు హెన్రీ సింక్లెయర్ హాల్, 1879 ప్రాంతమున జార్జి బ్యాంకర్టు అను మిత్రునితో కలసి, చిన్న యీగలకు తగిన కన్నుగల ముల్లును సిద్ధము చేసెను. మన పిల్లలను అంతగా ఏడిపించిన మహానుభావుడు చేపలను కూడ విడువలేదన్నమాట! కన్ను ఏర్పడిన పిదప తంతి వేఱు, ఈగ వేఱు అయినవి. కావలసినప్పుడు ముడివేయవచ్చును, తంతి చెడినచో మార్చవచ్చును. పుస్తకము పోయి పెట్టె వచ్చినది. ఒకే రకము ఈగలను డజన్లకొలది ముందుగానే కట్టి పెట్టుకొనుటకు వీలయినది. మిగులు అను మాటయు అప్పుడే పుట్టినది.

ఈ మిగులు ఎందుకు వచ్చును? కట్టువారిని అడుగుడు, చెప్పుదురు. ఒక రకము ఈగకు కావలసిన ఈకలు, దారములు, మైనము బల్లమీద పఱచిన పిమ్మట ఒకటి కట్టి లేచుట కష్టము. మొదటిది వంకరగా వచ్చును, రెండవది కుదురును, మూడవదానికి చేయి తిరుగును. చేయి తిరిగినప్పుడు డజను కట్టుటయే న్యాయము. ఒక్కొక్కటి పది నిమిషములనుకొన్నను డజను ఈగలన్న రెండు గంటల చూపు, రెండు గంటల ఓపిక. ఏటివద్దకు పోవునప్పుడు వానిలో మూడు చాలును. తక్కిన తొమ్మిది ఇంటియొద్దనే యుండును. ఇట్లు పదేండ్లు గడచినవారి యిండ్లలో వేయి ఈగలుండుట వింత కాదు.

మన వంటయిండ్లలో ఈ శాస్త్రము ఎప్పటినుండియో ఉన్నది. పోపుల పెట్టెలో ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ కొంచెము కొంచెముగా గదులలో నుండును. అటకమీదనో అరలలోనో పెద్ద డబ్బాలు, జాడీలు ఉండును. పెట్టెలో తఱిగినది డబ్బానుండి నింపుదురు గాని, వీసెడు ఆవాలను పోపుల పెట్టెలో కుక్కరు. జేబులోని ఈగల డబ్బీ పోపుల పెట్టె. ఇంటిలోని నిలువ జాడీల వరుస. ఈ రెంటిని కలిపివేయువారే యేటివద్ద అయిదువందల ఈగల నడుమ కావలసిన ఒక్కదానికై వెదకుచు, చేప పోయిన తరువాత తల యెత్తుదురు. రకమునకు మూడు, పది పండ్రెండు రకములు – జేబునకు ఇంతకంటె అక్కఱలేదని నా నమ్మకము. ఒప్పుకొనని మిత్రులున్నారు, వారి కోటులు ముందుకు వ్రేలాడుచుండును.

ఇక నిలువ పెట్టెలలో వరుస యెట్లు? పేర్లనుబట్టి అమర్చువారు కలరు. నెలలనుబట్టి అమర్చువారు కలరు. 1676లో చార్లెస్ కాటన్ తన గ్రంథభాగమున ఈగలను నెలనెలకు విడదీసి చెప్పినది మొదలు ఆంగ్లేయులకు అది అలవాటు. వారి యేళ్లలో ఫలానా పురుగు ఫలానా మాసమున పుట్టుననుట చాలవఱకు సత్యము. మన నీలగిరులకు ఆ పంచాంగము అతుకదు. రెండు వానకాలములు గల కొండకు వసంతగ్రీష్మముల లెక్క యేల? నేను చేయునది ఇది: మొదట తేలెడు ఈగలను, మునిగెడు ఈగలను వేఱుచేయుదును, ఆపైన ముల్లు పరిమాణమునుబట్టి విడదీయుదును. ముల్లు సంఖ్య పెరిగిన కొలది ముల్లు చిన్నదగునని క్రొత్తవారు గుఱుతుంచుకొనవలెను. పదునాఱవ సంఖ్య పదవదానికంటె చిన్నది. సంధ్యవేళ గ్రుడ్డివెలుతురులో పేరు చదువుట యెవరికిని సాధ్యము కాదు. పరిమాణము వ్రేలికి తెలియును.

తేలెడు ఈగలను వేఱుచేయుటకు మఱియొక కారణము కలదు. అట్టి ఈగ తన మెడ చుట్టును విచ్చుకొన్న బిరుసు ఈకపోగుల చివరలమీద నీటిపై నిలుచును. మూతక్రింద ఆఱు నెలలు అణగియున్నచో ఆ పోగులు ఒక ప్రక్కకు వాలిపోవును. నీటిపై వేసినప్పుడు ఈగ త్రాగినవానివలె ఒరగును. కనుక వానికి లోతుగల గదులు కావలెను, గదికి ఆఱేడుకంటె వేయరాదు. ఇంగ్లండున రిచ్చర్డు వీట్లీ కంపెనీవారి అల్యూమినియపు పెట్టెలు ప్రసిద్ధములు; ఒక్కొక్క గదికి ఒక్కొక్క చిన్న మూతయుండును, గాలి వీచినను ఒక గది ఈగలే యెగురును. మందుబిళ్లల డబ్బీలు, గాజుమూతల చిన్న బరిణెలు కూడ పనికివచ్చును. మునిగెడు ఈగలకు ఈ మర్యాద అక్కఱలేదు. బెండుపలకపైనో నురుగుపలకపైనో వరుసగా గ్రుచ్చిన చాలును. ఒకవేళ తేలెడు ఈగ అణగిపోయినచో పాఱవేయకుడు. కాఫీనీళ్లు కాగుచున్న పాత్రనుండి వచ్చు ఆవిరిపై పట్టకారుతో కొన్ని క్షణములు పట్టుకొన్నచో, పోగులు తామే లేచి నిలుచును. చక్కగా ఆఱిన తరువాతనే మరల పెట్టెలో వేయవలెను.

ఆఱుట అను మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టిన కోడలిని మన పెద్దలు ఏమనెడివారో మీకు తెలియును. ఒక్క చుక్క నీటితో జాడీయంతయు బూజుపట్టును. ఈగల పెట్టెయు అంతే. ఏటినుండి వచ్చిన ఈగ పొడిగా కనబడినను దాని కడుపులోని బొచ్చు తడి దాచుకొనును. దానిని అట్లే మూసినచో ముల్లు త్రుప్పుపట్టును. త్రుప్పు దారమును తినును. ఒక ఈగ త్రుప్పు ప్రక్క ఈగ వన్నెను చెఱుచును. అన్నిటికంటె చెడ్డది, త్రుప్పుపట్టిన ముల్లు పెద్దచేప పట్టుకొన్నప్పుడే విఱుగును. అందుచేత ఏటివద్ద వాడిన ఈగలకు వేఱొక డబ్బీ యుండవలెను. ఇల్లు చేరిన రాత్రి దానిని తెఱచి నీడలో ఆఱబెట్టి, రెండు దినముల తరువాత నిలువలో చేర్చవలెను. మందుసీసాలలో వచ్చు సిలికా గుళికల పొట్లములను పాఱవేయక పెట్టెకొకటి వేయుడు. నీలపు వన్నెవి తడి పీల్చి గులాబి వన్నెకు తిరుగును. తిరిగినప్పుడు కొంచెము వెచ్చచేసిన చాలు, మరల పనిచేయును. ఉన్నిపుటల పుస్తకములు చూచుటకు ముచ్చటగా నుండును గాని అవి తడిని పట్టియుంచును. వానిని నేను దీర్ఘకాలపు నిలువకు ఒప్పుకొనను.

తడికంటె పెద్ద శత్రువు చిమ్మెట. దీనిని గుఱించి కొంత తీరికగా చెప్పవలెను, ఏలయన ఒక యేటి పనిని ఒక నెలలో పిండిచేయగల శక్తి దీనికే కలదు. బూడిదబంగారు వన్నెగల చిన్న రెక్కపురుగు బీరువా తెఱచినప్పుడు మూలకు పఱువెత్తును. వెలుతురు దానికి గిట్టదు. దానిని చూచి చంపి సంతోషించువారు కలరు. కాని ఆ రెక్కపురుగు ఏమియు తినదు, తినుటకు తగిన నోరే దానికి లేదు. అది పెట్టిన గ్రుడ్లనుండి వచ్చు పిల్లపురుగే తినునది. ఉన్ని, బొచ్చు, ఈక – ఈ మూటిని అరిగించుకొనగల జీవులు లోకమున చాల తక్కువ. ఇది వానిలో నొకటి. ఈగ అనగా ఉన్ని, బొచ్చు, ఈకల పోగే గదా! దానికి మనము విందు వడ్డించి మూత పెట్టుచున్నామన్నమాట.

మన ఇండ్లలో పట్టుచీరల మడతలలో వసకొమ్ములు, ఎండిన వేపాకు వేయు ఆచారమున్నది. వానివలన చిమ్మెట కొంత వెనుదీయవచ్చును గాని, ఇదివఱకే పెట్టిన గ్రుడ్లు చావవు. కలరా ఉండలను నేను ఈగల పెట్టెలో వేయనివ్వను. వాని ఆవిరి కొన్ని ప్లాస్టిక్ పెట్టెలను మెత్తబఱచును, ఈగ తలపై వేసిన వార్నీషును జిగురుచేయును. చేపకును ఆ వాసన గిట్టదని గాలము వేయువారిలో చాలమంది నమ్మకము. వీనికంటె ముఖ్యమైనది వేఱొకటి: చిన్నపిల్లలు వానిని మిఠాయి యనుకొని నోటవేసికొనుట కలదు, కొందఱు పిల్లల నెత్తురునకు అది విషము. మఱి ఉపాయమేమి? క్రొత్తగా వచ్చిన ఈకలను, తోళ్లను, ఇతరులిచ్చిన ఈగలను ఇంటి నిలువలో నేరుగా చేర్చకుండుటయే. నేడు చాల ఇండ్లలో శీతలయంత్రమున్నది. గాలి చొఱని సంచిలో మూసి దాని మంచుగదిలో రెండు వారములుంచినచో పురుగును గ్రుడ్డును చచ్చును. బయటకు తీసిన వెంటనే సంచి విప్పరాదు. ఇంటి వెచ్చదనమునకు వచ్చువఱకు ఆగినచో నీరు సంచి బయట పట్టును గాని ఈకలమీద పట్టదు. ఇంటివారిని ముందుగా ఒప్పించుకొనుడు. ఐసుగదిలో కోడిమెడ ఈకల కట్టను చూచిన గృహిణి అడుగు ప్రశ్నలకు శాస్త్రీయమైన సమాధానము చాలదు.

నాలుగేండ్ల క్రిందట ఉదకమండలమున ఒక యువకుడు నాయొద్దకు ఒక చెక్కపెట్టె తెచ్చెను. అతని తండ్రిగారు తేయాకుతోటలో ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవారు, ముప్పది యేండ్లు ఈగలు కట్టినవారు. ఆ యేడే స్వర్గస్థులైరి. పెట్టెలో ఏమున్నదో, ఏది యెవరికి ఉపయోగమో చెప్పుమని కుమారుని కోరిక. పైనున్న ఉన్నిపుటల పుస్తకము తెఱచితిని. పుటలనిండ వరుసలుగా నల్లని ముండ్లు మాత్రమున్నవి, ఈగలు లేవు. పుట మడతలలో బూడిదవంటి పొడి, దానిలో చిమ్మెట పిల్లలు విడిచిన పట్టుగొట్టములు. ఎన్ని వందలో నేను లెక్కింపలేదు. అతడు లెక్కించెను, బిగ్గఱగా లెక్కించుచు మధ్యలో మానివైచెను.

పెట్టె అడుగున బిరడా బిగించిన గాజుసీసాలు నాలుగుండెను. వానిలోనివి నిన్న కట్టినట్లే యున్నవి. మూడు సీసాలలోనివి నాకు తెలిసిన రకములే. నాలుగవదానిలో ఏడు చిన్న గోధుమవన్నె ఈగలు, ఏడును ఒకే పోలిక. “మా నాయనగారు కడపటి ఏడు కట్టినవి ఇవేనండి. దీని పేరేమి? ఏ యేటికి కట్టినారు?” అని అతడడిగెను. భూతద్దముతో చూచితిని. కుందేటి చెవి బొచ్చు, సన్నని బంగారుతీగ చుట్టు, మెడకు కౌజుపిట్ట ఈక. దేనితో కట్టినారో చెప్పగలిగితిని. చూచి అట్టివానిని కట్టి యిచ్చితిని కూడ. కాని అది ఏ యేటికో, ఏ వేళకో, దానిని ఆయన ఏమని పిలుచుకొనిరో చెప్పగలవారు లేరు. వ్రేలెడు కాగితము ముక్క సీసాలో వేసియున్నచో చాలియుండును.

అందుచేత నేను చీటీ విషయమున మొండివాడను. ప్రతి నిలువ డబ్బీలోను ఈగ పేరు, ముల్లు సంఖ్య, కట్టిన నెల, సంవత్సరము, ఉపయోగించిన వస్తువులు, పనిచేసిన చోటు వ్రాసిన చీటీ యుండవలెను. మూతపైన అంటించినది ఊడిపోవును. లోపల వేసినది నిలుచును. సిరా తడికి కరగును, పెన్సిలు కరగదు. తమ సొంత రకమునకు పేరు లేనివారు ఏదో యొక పేరు పెట్టుకొనుడు, మనుమరాలి పేరైనను సరే.

ఒక జాతి ఈగలను మాత్రము నేను ప్రత్యేకముగ తాళము వేసి యుంచుదును. దక్షిణ భారతపు కొండ అడవులలో బూడిదవన్నె అడవికోడి కలదు. దాని మెడ ఈకల చివర మైనపు చుక్కలవంటి తెలుపు పసుపు మచ్చలు మెఱయుచుండును. సాల్మను చేపల ఈగలకు కన్నులవలె అమర్చుటకై పందొమ్మిదవ శతాబ్దమునుండి ఈ పక్షి మెడతోళ్లు మూటలు మూటలుగా సముద్రము దాటినవి. దూరదేశపు చేపకు సొగసు కూర్చుటకై మన కొండల కోళ్లు ప్రాణములిచ్చినవన్నమాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వాని వేట నేరము. బ్రిటనులో ఇప్పుడు పెంపుడు పక్షుల ఈకలు దొరకును. మనవారు రంగు పూసిన గిన్నీకోడి ఈకతో పని జరుపుకొనవచ్చును. చేప తేడా కనిపెట్టినట్లు నాకు తోచలేదు. పూర్వులనుండి వచ్చిన పాత ఈగలలో అట్టి ఈకలున్నచో, అవి ఎప్పటివో, ఎవరివలన వచ్చినవో చీటీపై వ్రాసి వేఱుగా దాచుడు. క్రొత్తవి అమ్మవచ్చిన వానిని గడప ఎక్కనీయకుడు.

పెట్టెలుంచు చోటునుగుఱించి రెండు మాటలు. ఎండ తగులు కిటికీ ప్రక్కన వలదు, రంగులు వెలియును. వంటయింటి గోడ వలదు, జిడ్డును ఆవిరియు చేరును. పసిపిల్లలున్న యింట ఎత్తైన అరయే మేలు. ఎదురుముల్లు గల ఈగ పసివాని వ్రేలిలో దిగినచో వెనుకకు లాగుట వలన గాయము పెద్దదగును, వైద్యునియొద్దకు పోవలసినదే. నిలువ ఈగల ఎదురుముండ్లను ముందుగానే పట్టకారుతో నొక్కివేయుట నా అలవాటు. చేపను మరల నీట విడుచుటకును అది సులభము.

ఏటికొకమారు పెట్టెలన్నిటిని తెఱచి చూడవలెను. దానికి నేను భోగినాటి ఉదయమును ఎంచుకొంటిని. ఇంటనున్న పాతసామానంతయు వెలికివచ్చు దినమది, మన పెట్టెలు బయటకు వచ్చినను ఎవరును విసుగుకొనరు. ప్రతి డబ్బీని వెలుతురున తెల్లగుడ్డపై బోర్లించి తట్టుదును. పొడి రాలినచో ఆ డబ్బీ మంచుగదికి పోవును. మూడేండ్లుగా జేబునకు ఎక్కని రకములను క్రొత్తగా నేర్చుకొనుచున్న పిల్లలకు చీటీతో సహా ఇచ్చివేయుదును. పురుగు తినినవానిని బ్లేడుతో గీచి, ఈక భోగిమంటకు, త్రుప్పులేని ముల్లు మరల కట్టుబల్లకు. తక్కినవి వాని వాని డబ్బీలకు చేరును. ఈ పనియంతయు పొంగలి పొంగులోపల ముగియును.